క్రోన్స్‌లో బరువు తగ్గుతున్న మనిషికి సిరిధాన్యాలు కాదు, మెత్తటి అన్నం పెట్టండి

కోనసీమ ముక్తేశ్వరం నుంచి రాస్తున్నాను. ఈ వారం వీడియోలో మా ఇంట్లో మెత్తటి అన్నం, పెసరకట్టు, కొరమీను పులుసు ఎలా చేసుకుంటామో చూపించాను. "ఇదేంటండీ, ప్రకృతి వ్యవసాయం ఛానల్లో పాలిష్ బియ్యం వండుతున్నారు?" అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. దానికి సమాధానం కొంచెం పెద్దది. వీడియోలో టైం చాలదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాకు క్రోన్స్ వ్యాధి ఉంది. 2019లో బయటపడింది. అప్పటికి ఎనిమిది నెలల్లో 66 కిలోల నుంచి 49 కిలోలకి వచ్చాను. కంచం చూస్తేనే కడుపు నిండిపోయినట్టు ఉండేది. రెండు ముద్దలు తింటే కుడివైపు పొత్తికడుపులో మెలిపెట్టేది. ఊళ్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "మందులు కొట్టని పంట తినేవాడికి ఈ రోగమేంట్రా?" ఆ ప్రశ్న వెనకే సలహాలు కూడా వచ్చేవి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. క్రోన్స్ ఉధృతంగా ఉండి, ఆకలి చచ్చిపోయి, బరువు తగ్గిపోతున్న మనిషికి మనవాళ్లు ఇచ్చే సలహాలు కొన్ని కీడు చేస్తాయి. సిరిధాన్యాలు తినమనడం, పచ్చి కూరల రసాలు తాగమనడం, లంఖణాలు చేయమనడం, ఇంగ్లీషు మందులు మానేయమనడం, ఈ నాలుగూ ఆ కోవలోవే. మన పంట మీద మనకున్న నమ్మకం మంచిదే. ఆ నమ్మకంతో ఇంకొకరి పేగు మీద ప్రయోగం చేయకూడదు.

ముందు జబ్బు సంగతి. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి డాక్టర్లు బరిల్ క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ దీని గురించి రాశారు. అందులో మొదటాయన పేరే జబ్బుకి వచ్చింది. మన ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ పేగు గోడ మీదే దాడి చేస్తుంది. పేగు వాస్తుంది, పుండ్లు పడతాయి, కొందరికి సన్నబడిపోతుంది. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు గానీ, చిన్నపేగు చివరి భాగంలో ఎక్కువ కనిపిస్తుంది. కచ్చితంగా ఇదే కారణమని చెప్పలేరు. జన్యువులు, పేగులోని సూక్ష్మజీవులు, తిండి, పొగతాగడం లాంటివన్నీ కలిసి పనిచేస్తాయంటారు. పూర్తిగా పోగొట్టే మందు లేదు. అదుపులో పెట్టే మందులు మాత్రం బాగానే ఉన్నాయి.

"అది పట్నం తిండి తినేవాళ్ల రోగం" అనుకునేవాళ్లకి ఒక మాట. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు పేగు సమస్యలతో వచ్చిన 30 వేల మందికి పైగా రోగులను పరిశీలించి 2023లో అధ్యయనం ప్రచురించారు. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగువాపు జబ్బులు పల్లెల నుంచి వచ్చినవాళ్లలోనూ పట్నం వాళ్లలోనూ దాదాపు ఒకే మోతాదులో కనిపించాయి. కాబట్టి ఇది మన గుమ్మంలోకి రాదని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆకలి ఎందుకు చస్తుందో చూద్దాం. వాచిన పేగు నుంచి రక్తంలోకి కొన్ని రసాయనాలు విడుదలవుతాయి. అవి మెదడులోని ఆకలిని అణిచేస్తాయి. జ్వరం వచ్చినప్పుడు తిండి సయించకపోవడం లాంటిదే ఇదీ. పైగా తింటే నొప్పి వస్తుందని మనిషి భయపడి తగ్గించేస్తాడు. తిన్నది కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. విటమిన్ బి12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివరి భాగంలోనే. అక్కడే జబ్బుంటే బి12 తగ్గిపోతుంది, అప్పుడు ఇంజెక్షన్లు అవసరం పడొచ్చు. ఇనుమూ తగ్గుతుంది. ఇన్ని దారుల్లో నష్టం జరుగుతుంటే, "ఆకలేసినప్పుడే తిను, ఒళ్లు చెప్పినట్టు విను" అనే సలహా పనికిరాదు. ఈ జబ్బులో ఒళ్లు చెప్పేది తప్పు లెక్క.

మన చేలో చూసేదే చెప్తాను. వరిచేలో నీళ్లు నిలిచి వేరుకి గాలాడకపోతే ఆకు పసుపెక్కుతుంది. అప్పుడు ఘనజీవామృతం ఇంకో బస్తా చల్లితే పచ్చబడుతుందా? ముందు నీళ్లు తీయాలి. క్రోన్స్‌లో ఆ నీళ్లు తీసే పని మందులది. అది జరిగేదాకా మొక్క చావకుండా నిలబెట్టే పని తిండిది. రెండూ కావాలి. ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు.

ఇక సలహాల దగ్గరికి వద్దాం.

సిరిధాన్యాలు, ముడిబియ్యం: నేనూ దేశవాళీ బియ్యం అమ్ముతాను. షుగరున్నవాళ్లకి పీచు మంచిదే. కానీ పేగు సన్నబడి ఉన్న క్రోన్స్ రోగికి ముతక పీచు అడ్డం పడి, నొప్పి, వాంతులు, ఒక్కోసారి ఆపరేషన్ దాకా తీసుకెళ్లగలదు. కోనసీమలో పుట్టి కొబ్బరిముక్క, పనసపొట్టు కూర, తేగలు వదులుకోవడం కష్టమే. జామగింజలు, మొక్కజొన్న, వేరుశెనగలు కూడా ఆ జాబితాలోవే. జబ్బు చల్లబడి, పేగు సన్నబడలేదని డాక్టరు చెప్పాక కొంచెం కొంచెంగా మళ్లీ మొదలుపెట్టొచ్చు. అంతేగానీ జీవితాంతం పీచు మానేయమని కాదు.

పచ్చి రసాలు, కలబంద, త్రిఫల: విరేచనాలతో నీరసించినవాళ్లకి విరేచనకారి పదార్థాలు పట్టించడం ఏ లెక్కన చూసినా సరి కాదు.

లంఖణం: "లంఖణం పరమౌషధం" అన్న సామెత తిని కూర్చున్నవాడి అజీర్తికి చెప్పింది. మూడు నెలల్లో కండ కరిగిపోతున్నవాడికి కాదు.

మరి ఏం పెట్టాలి? నేను లెక్క నేర్చుకున్నది ఆసుపత్రి డైటీషియన్ దగ్గర. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. భయపడక్కర్లేదు, మన వంటింట్లోనే ఉన్నాయి. మూడు గుడ్లలో 18 గ్రాముల దాకా వస్తాయి. ముళ్లు తీసిన వండిన చేప 100 గ్రాములు తింటే 20. పొట్టు తీసిన పెసరపప్పు 50 గ్రాములు బాగా ఉడకబెట్టి కట్టు చేసుకుంటే 12. రెండు కప్పుల పెరుగు ఇంకో 12. మొత్తం 62. అన్నంలో వచ్చేది అదనం.

శక్తి కోసం మెత్తగా ఉడికిన తెల్లన్నం, గంజి, ఉడికించి మెదిపిన బంగాళదుంప, బాగా పండిన చక్రకేళి. ఒక పెద్ద చెంచా నెయ్యి సుమారు 130 కేలరీలు ఇస్తుంది. రెండు ముద్దలకి మించి తినలేనివాడికి ఆ ముద్దలోనే బలం పెంచడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. మలం జిడ్డుగా పోతుంటే మాత్రం నెయ్యి తగ్గించి డాక్టరుకి చెప్పండి. పాలు పడనివాళ్లకి పెరుగు పడొచ్చు, అదీ పడకపోతే మానేయండి. ఒకరికి పడింది ఇంకొకరికి పడదు. అందుకే చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏం తిన్నారో, తర్వాత ఎలా ఉందో రాసుకోండి. మనం చేనికి రాసుకోమా, అలాగే.

తినే పద్ధతి కూడా ముఖ్యమే. మూడు పూటలు కాకుండా ఆరుసార్లు, గడియారం చూసి, అరకప్పు చొప్పున. నీళ్లు భోజనంతోపాటు కాకుండా మధ్యలో తాగితే కడుపు తొందరగా నిండిపోదు. వారానికోసారి ఒకే రోజు, ఒకే టైంలో తూకం చూసుకోండి. మూడు నెలల్లో నూటికి 5 వంతులు తగ్గితే, అంటే 60 కిలోల మనిషికి 3 కిలోలు పోతే, అది డాక్టరు చూడాల్సిన విషయం. ఇంట్లోవాళ్లకి ఒక మనవి: కంచం ముందు కూర్చోబెట్టి "తిను, తిను" అని పోరకండి. పక్కన గిన్నెలో పెట్టి, మామూలు కబుర్లు చెప్పండి. మా అమ్మ ఆ పనే చేసింది, అది బాగా పనిచేసింది.

తిండికి విలువ లేదని నేననడం లేదు. క్రోన్స్‌లో ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు మామూలు తిండి ఆపి, పోషకాలన్నీ ఉన్న ద్రవాహారం మాత్రమే ఇచ్చే చికిత్స ఉంది. పిల్లల్లో చాలాచోట్ల దాన్నే ముందు వాడతారు. ఇజ్రాయెల్‌కి చెందిన డాక్టర్ ఆరీ లెవీన్ బృందం కోడిమాంసం, గుడ్లు, బంగాళదుంప, అరటిపండు, ఆపిల్ ముఖ్యంగా ఉన్న ఆహార పద్ధతిని కొంత ద్రవాహారంతో కలిపి పిల్లల్లో పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. ఫలితాలు బాగున్నాయి. అందులో ప్యాకెట్ తిండి, గోధుమ, పాలపదార్థాలు మాన్పించారు. అంటే తిండితో వైద్యం నిజంగానే ఉంది. కానీ అది డాక్టరు, డైటీషియన్ చూస్తుండగా, కొలతతో జరిగేది. వాట్సాప్‌లో వచ్చిన జాబితాతో జరిగేది కాదు.

మందుల సంగతి. స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. తగ్గించడం డాక్టరు చెప్పినట్టే జరగాలి. ఇంకో విషయం, మన దేశంలో పేగు క్షయ అచ్చం క్రోన్స్ లాగే ఉంటుంది. అదే నొప్పి, అదే జ్వరం, అదే బరువు తగ్గడం. కొలనోస్కోపీ చేసి ముక్క తీసి పరీక్షిస్తేగానీ తేడా తెలియదు, ఒక్కోసారి అప్పటికీ కష్టమే. క్షయని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్ ఇస్తే ముదురుతుంది. కాబట్టి "పేగుపూత" అని పసరు మందుతో నెలలు గడపకండి. కడుపు ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకపోతే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మన రైతులకి ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. అజాథయోప్రిన్, అడాలిముమాబ్ లాంటి మందులు రోగనిరోధక శక్తిని తగ్గించి పనిచేస్తాయి. అవి వాడేవాళ్లు పచ్చిపాలు తాగకూడదు, కాచి తాగాలి. జీవామృతం కలిపేటప్పుడు పేడ, గోమూత్రంలో ఒట్టి చేతులు పెట్టొద్దు, గ్లౌజులు వేసుకోండి. చేతి మీద పుండుంటే ఆ పని ఇంకొకరికి అప్పగించండి. నేను నా తొట్టెలో పొడుగు కర్రతోనే కలుపుతాను.

చివరగా మన వ్యాపారం గురించి. "మా అబ్బాయికి క్రోన్స్ అండీ, బరువు తగ్గిపోతున్నాడు, ఏ బియ్యం పంపిస్తారు?" అని నాకు ఫోన్లు వస్తుంటాయి. ఎర్రబియ్యం రెండు కిలోలు పంపడం తేలికే. "ప్రస్తుతానికి మీ ఇంట్లో ఉన్న తెల్లబియ్యమే మెత్తగా వండి పెట్టండి, డైటీషియన్ని కలవండి, తగ్గాక చూద్దాం" అని చెప్తాను. ఆ ఆర్డరు పోతుంది. పోతే పోనీండి. ఆహార పదార్థం జబ్బుని నయం చేస్తుందని ప్రచారం చేయడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు. చట్టం లేకపోయినా మనం ఆ మాట అనకూడదు.

మన పంటకి గొప్ప చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. నేల బాగుపడుతుంది, అప్పు తగ్గుతుంది, పిచికారీ చేసేవాడి ఒంట్లోకి విషం వెళ్లదు. ఇవి చాలు. దానికి రోగుల పేర్లు తగిలించక్కర్లేదు. మీ ఊళ్లో ఎవరైనా కడుపునొప్పితో చిక్కిపోతుంటే, ముందు తూకం చూడమనండి, తర్వాత జీర్ణకోశ వ్యాధుల డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. వెళ్తూ వెళ్తూ రెండు నాటుకోడి గుడ్లు, ఒక అత్తం చక్రకేళి పట్టుకెళ్లండి. ప్రకృతి రైతు అలాంటి ఇంటికి చేయగలిగిన సాయం అదే.