సభామర్యాదకు మూలము

శాసనసభలో ఆగ్రహమునకు చోటుండవలెను, అవమానమునకు చోటుండరాదు. ఈ రెంటి నడుమ గీత గీయుట సభాపతి ధర్మము; దానిని మన్నించుట సభ్యుల ధర్మము. కొన్ని సంవత్సరములుగా తెలుగు రాష్ట్రములు రెండింటను ఈ గీత చెరిగిపోవుచున్నది. నేరమంతయు సభ్యుల నోటిదురుసుపై మోపి ఊరకుండుట లోకమునకు పరిపాటియైనది. రోగమూల మంతకంటె లోతున నున్నదని మా యభిప్రాయము.

నల్లగొండ, పాలమూరు సీమల ప్రతినిధుల చరిత్రయే యిందుకు సాక్ష్యము. 2018 మార్చి 12వ తేదీన గవర్నరు ఉభయసభల నుద్దేశించి ప్రసంగించుచుండగా, రైతుల యిక్కట్టులను పేర్కొని కాంగ్రెసు సభ్యులు అలజడి సల్పిరి. కాగితములు చింపబడెను; ఒక హెడ్‌ఫోను విసరబడెను. అది తగిలి శాసనమండలి అధ్యక్షులు స్వామిగౌడు గారి కంటికి గాయమైనదని ప్రభుత్వపక్షము చెప్పెను. మరునాడే నల్లగొండ సభ్యులు కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారిని, ఆలంపురము సభ్యులు సంపత్‌కుమారు గారిని సభ బహిష్కరించెను. మరి 11 మంది ఆ సమావేశములు ముగియువరకు వెలుపల నుంచబడిరి. ఏప్రిలు 17వ తేదీన హైకోర్టు ఆ బహిష్కారమును కొట్టివేసెను. నిందితుల వాదము వినకయే శిక్షించుట సహజన్యాయమునకు విరుద్ధమని తీర్పు వెలువడెను.

ఏడేండ్లు గడచెను, బల్లలు మారెను. 2025 మార్చి 13వ తేదీన, సభాపతిని కించపరచు మాటలాడిరను ఆరోపణపై, సూర్యాపేట సభ్యులు జగదీశ్‌రెడ్డి గారు సమావేశముల శేషకాలమునకు సస్పెండు చేయబడిరి. 2018లో మంత్రిగా నున్నవారు ఇప్పుడు గడప దాటవలసివచ్చెను. నాడు గడప దాటింపబడిన వెంకటరెడ్డి గారు ఇప్పటికి మంత్రియై యుండిరి. ఒకే జిల్లావారు, ఒకే సభ, ఒకే నియమావళి. మారినది కూర్చున్న చోటు మాత్రమే. శిక్షయే మర్యాదను నేర్పునదైనచో, 2018 నాటి పాఠము 2025 నాటికి ఫలింపవలదా?

సభలో వస్తువులు విసరుటను మేము సమర్థింపము. అధ్యక్షపీఠమును నిందించుటను అంతకంటెను సమర్థింపము. కాని కౌరవసభను స్మరింపుడు. అచట ద్రౌపది యడిగినది ఒక ప్రశ్న. పెద్ద లందరు నుండియు దానికి సూటియైన సమాధానము చెప్పినవారు లేకపోయిరి; నోరు విప్పిన వికర్ణుని అదలించి కూర్చుండబెట్టిరి. ఆ సభ గౌరవము పోయినది ప్రశ్న వలన కాదు, ప్రశ్నకు ప్రత్యుత్తరము లేకపోవుట వలన.

నేటి సభల దురవస్థయు నిట్టిదే. దేశమందలి రాష్ట్ర శాసనసభలు ఈ నడుమ సంవత్సరమునకు సగటున ఇంచుమించు ఇరువది దినములు మాత్రమే కూడుచున్నవి. రెండు సమావేశముల నడుమ ఆరుమాసములు మించరాదని రాజ్యాంగము 174వ అధికరణమున విధించినదే కాని, ఎన్ని దినములు కూడవలెనో విధింపలేదు. కూడిన ఆ కొలది దినములలో ప్రతిపక్ష సభ్యునకు దక్కునవి కొన్ని నిముషములు. ఆ నిముషములలో తర్కించినవానిని ఎవరును చూడరు. కేక వేసినవానిని సాయంకాలమునకు ఊరూర టెలివిజనులో చూతురు. ఇక కేకయే గాక మరేమి పెరుగును? నోరు మంచిదైన ఊరు మంచిదగునందురు. ఊరు వినునదైననే నోరు మంచిదగు ననుటయు నంతే సత్యము.

సభాపతి యెవరి పక్షమువాడను అనుమానము మరియొక విషము. ఇంగ్లండున కామన్సుసభ సభాపతి ఎన్నికైన వెంటనే పార్టీతో తెగతెంపులు చేసికొనును. ఇది మనకు తెలియని నీతి కాదు. 1967లో లోకసభాధ్యక్షులైన మన నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు సభ్యత్వమును విడిచి ఈ మార్గము చూపిరి. ఆ మార్గమున నడచిన వారు మాత్రము అరుదు. తన వాడు కాడని ప్రతిపక్షము భయపడునంతకాలము, పీఠమునకు గౌరవము నియమావళి వలన రాదు.

హైదరాబాదు–విజయవాడ బాటపై నున్న కేతేపల్లి రైతునకు ఈ వివాద మంతయు దూరపు ముచ్చటగా దోచవచ్చును. కాని 2019 అక్టోబరులో మూసీ జలాశయపు గేటొకటి కొట్టుకొనిపోయి నీరు వృథాయైనప్పుడు, అడుగువారెవరు, బదులు చెప్పువారెవరు? సభ తిట్లతో గడచిన ప్రతిదినము అట్టి ప్రశ్న యొకటి అణగిపోవుచున్నది. ఇదే నకిరేకల్లు నియోజకవర్గము నర్రా రాఘవరెడ్డి గారిని 1967 మొదలు 1994 వరకు ఆరుమారులు సభకు పంపినది. ఆయన ఎన్నడును మంత్రి కాలేదు. ప్రశ్నించువానికి విలువ కట్టుట ఈ ప్రాంతపు ఓటరునకు క్రొత్త కాదు.

కావున కావలసినవి మూడు: సభ కూడు దినములు పెరుగుట, ప్రతిపక్షమునకు కాలము నియమముగా దక్కుట, వినిన పిమ్మటనే శిక్షించుట. నాల్గవది పాఠకుల చేతిలో నున్నది. మీ ప్రతినిధి ఊరికి వచ్చినప్పుడు, ఎవరి నెంత గట్టిగా తిట్టినావని మెచ్చుకొనకుడు. ఏమి యడిగినావు, ఏమి రాబట్టినావని నిలదీయుడు. మనము చప్పట్లు కొట్టినంతకాలము తిట్లు ఆగవు.