ఆగ్స్‌బర్గ్ సంతకాలు గుంటూరు చేరేదెప్పుడు?

ఏటా జనవరి 18 నుంచి 25 వరకు క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం. ఒక సాయంత్రం కతోలిక ఫాదర్ గారు లూథరన్ గుడికి వస్తారు. పాస్టర్ గారు శాలువా కప్పుతారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు, ఫొటో దిగుతారు. మిగిలిన ఏడాదంతా ఎవరి కాంపౌండు వారిదే. దీన్ని ఐక్యత అనడం మానుకోవాలి. ఆ పలకరింపు విశ్వాసుల ఇళ్లలోని చిక్కుల్లో ఒక్కదాన్నీ విప్పడం లేదు.

అదేమని అడిగితే రెండువైపులా వచ్చే జవాబు ఒకటే: సిద్ధాంతాలు కలవవు. ఏ సిద్ధాంతం? మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది ఎలా అన్నదే కదా లూథర్‌కూ రోమ్‌కూ మధ్య అసలు తగవు. ఆ తగవు మీదే 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రోమ్, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన అర్హత వల్ల కాదు, కృప వల్లే, క్రీస్తునందలి విశ్వాసం ద్వారానే దేవుడు మనల్ని అంగీకరిస్తాడని ఒకే మాటగా చెప్పాయి. అందులో వివరించిన బోధకు పదహారో శతాబ్దపు పరస్పర ఖండనలు వర్తించవన్నాయి. 2006లో మెథడిస్టులు చేరారు. 2016లో ఆంగ్లికన్లు స్వాగతించారు. 2017లో రిఫార్మ్డ్ సంఘాలూ కలిశాయి. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏఈఎల్‌సీ) ఆ లూథరన్ సమాఖ్యలో సభ్య సంఘం. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) పుట్టిందే ఆంగ్లికన్, మెథడిస్టు, రిఫార్మ్డ్ ధారలు కలిసి. అంటే 1999 ఒప్పందం పరాయివాళ్లది కాదు, మనదే. మన గుడుల్లో దాని ఊసెత్తేదెవరు?

ఊసెత్తకపోతే ఏమవుతుందో పెళ్లి కుదిరిన ఇంట్లో తెలుస్తుంది. రోమన్ కతోలిక (ఆర్‌సీఎం) అబ్బాయి, లూథరన్ అమ్మాయి. అమ్మాయి చేతిలో పాస్టర్ గారి సంతకం, గుండ్రని ముద్ర ఉన్న బాప్తిస్మ పత్రం. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వకూడదన్నది కతోలిక ధర్మశాస్త్రమే. బిషప్ అనుమతితో ఎవరి సంఘంలో వారుండి పెళ్లాడవచ్చు. అయినా ‘ముందు మా గుడిలో కలవాలి’ అని పట్టుబడతారు. అటువైపూ అంతే. పసిబిడ్డలకు నీళ్లు పోసి బాప్తిస్మమిచ్చే సంఘాల పాస్టర్లే, కతోలిక గుడిలో అలాగే పొందినవారిని మళ్లీ నీళ్లలోకి దిగమంటే అది ఏ సిద్ధాంతం?

పోపు అధికారం, మరియమాత, ప్రభు భోజనం విషయాల్లో భేదాలు నిజమే. శిశు బాప్తిస్మాన్ని ఒప్పుకోని బాప్టిస్టుల సంగతి వేరు. కానీ అన్నీ తేలేదాకా ఆగాలనుకుంటే 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సీఎస్‌ఐ ఏర్పడేదే కాదు. బిషప్పుల పదవి మీద తగవుపడిన సంఘాలవి. 1919లో తరంగంబాడిలో మొదలైన ఐక్యతా చర్చలను దోర్నకల్ బిషప్ అజరయ్య వంటివారు ఏళ్ల తరబడి మోశారు. ఆ కలయిక చూడకుండానే 1945లో ఆయన కన్నుమూశారు.

జర్మనీలో 2007లో మాగ్డెబర్గ్‌లో కతోలికులు, ప్రొటెస్టంట్లు సహా పదకొండు సంఘాలు పరస్పరం బాప్తిస్మాన్ని గుర్తిస్తూ సంతకాలు చేశాయి. మనకేం అడ్డు? గుంటూరు కతోలిక మేత్రాసనం, ఏఈఎల్‌సీ, సీఎస్‌ఐ పెద్దలు ఒక్క కాగితం రాయలేరా? ఒకరి బాప్తిస్మ పత్రం మరొకరికి చెల్లుతుందని, మళ్లీ బాప్తిస్మం అడిగిన ఫాదర్ అయినా పాస్టర్ అయినా తమ బిషప్‌కు సంజాయిషీ చెప్పుకోవాలని రాయాలి. పెళ్లికి ఫాదర్, పాస్టర్ ఇద్దరూ వచ్చి ప్రార్థించడానికి రోమ్ 1993 మార్గదర్శకాలే చోటిచ్చాయి. అదీ అందులో చేర్చాలి.

సిద్ధాంతం పేరు చెప్పి ఆడపిల్లల తల్లిదండ్రులను రెండు గుడుల చుట్టూ తిప్పుతున్న పెద్దలారా, ఆ సిద్ధాంతం మీద మీ సంఘాలు 1999లోనే రాజీపడ్డాయి. ఆ ప్రకటనను తెలుగులో ఆదివారం మీ విశ్వాసుల ముందు చదివి వినిపించండి. ఆ తర్వాత కూడా కలవలేమంటే, కారణమేమిటో వాళ్లకే చెప్పండి.