పదమూడో గంట సైకిలు

ఎద్దుల్ని కొనే రైతు సంతలో పళ్ళు చూస్తాడు, సుళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు. అంతటితో తృప్తి పడక నాలుగడుగులు నడిపించి నడక కూడా చూస్తాడు. సైకిలు కొనేవాడు మటుకు రంగు చూస్తాడు. కాస్త తెలివైనవాడయితే ఒంటి చేత్తో పైకెత్తి బరువు చూస్తాడు. ఆపైన కొట్టు ముందర అటొక చుట్టూ, ఇటొక చుట్టూ తొక్కి, "బ్రహ్మాండంగా వుందండీ!" అని డబ్బు లెక్కపెట్టేస్తాడు.

కూరలకీ, పాల పాకెట్టుకీ వెళ్ళే సైకిలుకి ఆ పరీక్ష చాలు. కాని ఈ మధ్య మన వూళ్ళల్లో మరో రకం సవారీ బయల్దేరింది. తెల్లవారుతూనే ఇల్లు వదిలి, పొద్దు పోయేదాకా తొక్కి, 200 కిలోమీటర్లు తిరిగి ఇంటికి చేరడం. బ్యాంకు గుమాస్తాలు తొక్కుతున్నారు, డాక్టర్లు తొక్కుతున్నారు, ఇద్దరు పిల్లల తల్లులు తొక్కుతున్నారు. నేనూ ఆ బాపతువాణ్ణే. నాకు 52 ఏళ్ళు. పోయిన నెలలో కొత్త సైకిలు కొన్నాను. కొనేముందు నెల్లాళ్ళు కొట్లు తిరిగాను గనక, ఆ తిరుగుడు సారం చెబితే మరో నలుగురికి పనికివస్తుందని ఈ వారం దాన్నే ఎత్తుకున్నాను.

ముందు ఈ సవారీ సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. దీన్ని బ్రెవే అంటారు. ఫ్రెంచి మాట. 200 కిలోమీటర్లకి గడువు 13 గంటల 30 నిమిషాలు. 300కి 20 గంటలు, 400కి 27, 600కి 40. దారిలో అక్కడక్కడ మజిలీలుంటాయి; చేతిలో వున్న కార్డు మీద అక్కడ గుర్తు వేయించుకోవాలి. ఒకే సంవత్సరంలో ఈ నాలుగూ పూర్తి చేసినవాణ్ణి 'సూపర్ రాండొనీర్' అంటారు. పారిస్‌లోని ఒక పాత క్లబ్బు 1921 నుంచీ ఈ పద్ధతి నడుపుతోంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా వారి ఆధ్వర్యాన జరుగుతున్నాయి. హైదరాబాదులోనూ క్లబ్బు వుంది.

ఇది పందెం కాదు. ముందు వచ్చినవాడికి దండ లేదు, వెనక వచ్చినవాడికి నామర్దా లేదు. గడువులోపల వస్తే అందరూ సమానమే.

దీనికి మూలం మాత్రం పందెమే. 1891లో పియేర్ జిఫార్ అనే పత్రికా సంపాదకుడు పారిస్ నుంచి సముద్రతీరాన వున్న బ్రెస్త్ వరకూ వెళ్ళి తిరిగి రావాలని పోటీ పెట్టాడు. రానూపోనూ ఇంచుమించు 1200 కిలోమీటర్లు. రెండు వందల మందికి పైగా బయల్దేరారు. షార్ల్ తెర్రాఁ అనే ఆయన నిద్రపోకుండా తొక్కి 71 గంటల 22 నిమిషాలలో తిరిగి వచ్చాడు. ఆ పోటీయే పోటీతనం వదిలించుకుని ఇప్పుడు నాలుగేళ్ళకొకసారి యాత్రలాగా జరుగుతోంది. గడువు 90 గంటలు. 2019లో, 2023లో జరిగిన యాత్రలకి మనవాళ్ళూ వెళ్ళారు.

ఇక లెక్క చూడండి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో అంటే గంటకి 15 కిలోమీటర్లకన్న తక్కువే. ఆ వేగం ఎవరైనా తొక్కగలరు. కష్టం వేగంలో లేదు. ఆ వేగాన్ని పొద్దుగూకిందాకా నిలుపుకోవడంలో వుంది. కొట్టు ముందర తొక్కిన అయిదు నిమిషాల్లో ప్రతి సైకిలూ పెళ్ళిచూపుల నాటి పెళ్ళికొడుకులాగే వుంటుంది. పదమూడో గంటలో మన మెడ ఏమంటుంది, మణికట్లు ఏమంటాయి, మోకాళ్ళు ఏమంటాయి అన్నదే అసలు ప్రశ్న. అందుచేత నేను ఏ భాగం చూసినా ఒక్కటే అడిగాను: "నాయనా, పదమూడో గంటలో నీ ప్రవర్తన ఎలా వుంటుంది?"

అన్నిటికన్న ముందు చూడవలసింది సైకిలు ఒళ్ళు కాదు, మన ఒళ్ళు. పందెపు సైకిళ్ళకి హాండిలు కిందికీ ముందుకీ వుంటుంది. తొక్కేవాడు గాలికి అడ్డం రాకుండా వంగాలి గదా. గంటసేపయితే వంగవచ్చు. రోజంతా వంగితే శరీరం బరువు అరచేతుల మీద పడుతుంది. మా మేనల్లుడు అటువంటి సైకిలు ఎరువు తెచ్చి 300 తొక్కాడు. గడువులోపలే వచ్చాడు. కాని దరిమిలా మూడు వారాలు చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయాడు. "మామయ్యా, చిటికెనవేలూ ఉంగరంవేలూ నావి కానట్టున్నాయి" అని చెయ్యి చూపించాడు. ఆ రెండు వేళ్ళకీ వెళ్ళే నరం అరచేతి అంచున పోతుంది. గంటల తరబడి హాండిలు మీద నొక్కుకుపోతే వేళ్ళు మొద్దుబారతాయి. అశ్రద్ధ చేస్తే చేతి పట్టు కూడా తగ్గుతుంది. మా అక్కయ్య వాడికి అన్నం కలిపి పెడుతూ, నావేపు చూసిన చూపు చెప్పనక్కరలేదు.

అందుకని హాండిలు ఇంచుమించు సీటు ఎత్తున వుండే ఫ్రేము వెతకండి. 'ఎండ్యూరెన్స్' అనీ, 'టూరింగ్' అనీ అమ్మేవి ఈ రకం. ఫ్రేము మీద వేసిన సైజు అంకెను నమ్మకండి. ఒక కంపెనీ 54కీ మరో కంపెనీ 54కీ పొంతన వుండదు. పెడళ్ళ ఇరుసు నుంచి హాండిలు గొట్టం పైకొస ఎంత ఎత్తున వుంది, ఎంత ముందుకి వుంది అన్న రెండు కొలతలే అసలు కొలతలు. సీటు ఎత్తుకి పాత చిట్కా ఒకటుంది. పెడలు కిందికి వచ్చినప్పుడు మడమ దానిమీద ఆనిస్తే కాలు తిన్నగా చాగాలి. పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు దానంతటదే కాస్త వంగి వుంటుంది. సీటు మరీ కిందికి వుంటే మోకాలు ముందు నొప్పి, మరీ పైకి వుంటే వెనక నొప్పి.

సీటు మెత్తగా వుండాలనుకోవడం సహజం. బొటనవేలితో నొక్కి చూసి మెత్తనిది కొనేస్తారు. దూదిపరుపులాంటి సీటు అరగంట సుఖం; ఆ తరువాత ఒళ్ళు అందులోకి కుంగి, ఒత్తిడి పడకూడని చోట పడుతుంది. కూర్చునే ఎముకలు రెండూ ఆనేటంత వెడల్పు వుండి, కాస్త గట్టిగా వుండేదే చివరిదాకా మేలు. తోలు సీట్లకయితే కొన్ని వందల కిలోమీటర్లు తొక్కితేగాని కొత్త చెప్పుల్లాగా ఒంటికి అలవాటు కావు.

తరువాత టైర్లు. సన్నగా, రాయిలాగా గాలి కొడితేనే జోరుగా పోతుందని చాలాకాలం అందరూ నమ్మారు. ఇటీవలి పరీక్షలు ఆ నమ్మకాన్ని సడలించాయి. నున్నని చెక్కబాట మీద అది నిజమే కావచ్చు. గరుకు రోడ్డు మీద బిగిసిన టైరు ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులో మన కండలు పోగొట్టుకునే శక్తి తక్కువేమీ కాదు. ఇప్పుడు పందెగాళ్ళే 28, 30 మిల్లీమీటర్ల టైర్లు వేస్తున్నారు. మన రోడ్లకి 32 నుంచి 35 వుండాలని నా నిశ్చయం. మా నాన్నగారి నల్ల సైకిలుకి లావు టైర్లూ, నిండు మడ్‌గార్డులూ, నిటారు హాండిలూ వుండేవి. దాని ఇనుప బరువు తీసేస్తే మిగతా తెలివంతా అందులో వుండనే వుంది.

ఇక గేర్లు. ఫ్రాన్సులో సెంత్ ఎతియేన్ వూళ్ళో పోల్ ద వివీ అనే పెద్దమనిషి వుండేవాడు. 'వెలోసియో' అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. 1887లో సైకిలు మీద పత్రిక పెట్టి, కొండలెక్కేవాడికి గేర్లు కావాలని జన్మంతా వాదించాడు. పందెగాళ్ళ పెద్దలకి అది పౌరుషానికి తక్కువగా తోచింది. టూర్ ద ఫ్రాన్స్‌లో గేరు మార్చే సాధనాన్ని పందెగాళ్ళందరికీ అనుమతించింది 1937లో. అప్పటికి వెలోసియో పోయి ఏడేళ్ళయింది. పదమూడో గంటలో పౌరుషం ఎవరికీ మిగలదు. ఊరి చివర ఫ్లైవోవరు కూడా శ్రీశైలం ఘాటులాగే కనిపిస్తుంది. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళూ, వెనక పెద్దదానికి 34 పళ్ళూ వుంటే పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరుగుతుంది. కనీసం అంత తేలిక గేరయినా వుండాలి. వెనక ఇంకో రెండు పళ్ళు ఎక్కువుంటే మోకాళ్ళు దీవిస్తాయి.

చివరికి ఒక కొట్లో రెండు సైకిళ్ళ దగ్గర ఆగాను. ఒకటి ఎర్రది, కార్బన్ ఫ్రేము, ఎనిమిదిన్నర కిలోలు. రెండోది ముదురాకుపచ్చది, ఉక్కు ఫ్రేము, పదకొండున్నర కిలోలు. కొట్టు కుర్రాడు ఎర్రదాన్ని చిటికెనవేలితో ఎత్తి, "మూడు కిలోల తేడా సార్!" అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. నేను 72 కిలోలు. రెండు సీసాల నీళ్ళు కిలోన్నర. సంచీ, బట్టలు, బూట్లు, పనిముట్లు కలిపి మూడు. సైకిలుతో సహా మొత్తం 88. అందులో మూడు కిలోలంటే నూటికి మూడున్నర కూడా లేదు. చదును నేల మీద ఆ తేడా తెలియనే తెలియదు. గంటసేపు ఎక్కే కొండ అయితే రెండు నిమిషాలు ఆలస్యం. ఆ రెండు నిమిషాలూ టీ కొట్టు దగ్గర ఒక కబురు తగ్గించుకుంటే వచ్చేస్తాయి.

కార్బన్ మీద నాకు కోపం లేదు. లావు టైర్లు పట్టే కార్బన్ సైకిళ్ళూ వున్నాయి. ఈ ఎర్రదానికి మాత్రం 28కి మించి టైరు పట్టదు. మడ్‌గార్డులకి చోటు లేదు, సంచీ తగిలించడానికి కన్నాలు లేవు. ఆకుపచ్చదానికి అన్నీ వున్నాయి. డిస్కు బ్రేకులు, అవీ తీగతో లాగేవి. నూనెతో పనిచేసే బ్రేకులు ఇంకా మెత్తగా పడతాయి నిజమే, కాని అవి చెడితే నకిరేకల్లులోనో సూర్యాపేటలోనో బాగుచేసేవాడు దొరకాలి గదా. తీగ తెగితే నేనే వేసుకుంటాను.

ట్యూబు వాల్వు కూడా ఇలాటి చిన్న సంగతే. పందెపు సైకిళ్ళకి వచ్చే సన్నని వాల్వుకి మన పంక్చరు షాపుల గాలి గొట్టం పట్టదు. మోటారు సైకిలు మాదిరి లావు వాల్వు అయితే ప్రతి పెట్రోలు బంకూ మన బంధువే. సన్న వాల్వుకి తొలిచిన రిమ్ములో లావుది దూరదు గనక కొనేముందే చూసుకోవాలి. పల్లేరుకాయలూ, పేలిన లారీ టైర్ల నుంచి రాలిన తీగముక్కలూ రోడ్డు అంచున ఎప్పుడూ మనకోసం కాచుకునే వుంటాయి.

ఇదంతా ఇంట్లో ఏకరువు పెడితే మా ఆవిడ ఓపిగ్గా విన్నది. గేర్లూ, పళ్ళూ, మిల్లీమీటర్లూ ఆమెకి పట్టలేదు. ఆఖర్న ఒక్క మాట అడిగింది. "రాత్రిపూట వెనకనుంచి వచ్చే లారీవాడికి మీరు కనిపిస్తారా?"

కొట్లో ఒక్కరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే గడువు రాత్రి ఏడున్నరకి. శీతాకాలంలో ఆరింటికే చీకటి. అంటే ఒళ్ళు డస్సి, చూపు మందగించి వున్న ఆ పదమూడో గంటే హైవే మీద చీకటి గంట కూడా. 300, 400 అయితే రాత్రంతా చీకటే. ఆమె ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు తొమ్మిది వేలు పట్టింది. ముందు చక్రం ఇరుసులోనే డైనమో పెట్టించాను. చక్రం తిరిగినంతసేపూ దీపం వెలుగుతుంది, ఛార్జింగు బెంగ లేదు. వెనక మటుకు రెండు దీపాలు, అవీ దేని బ్యాటరీ దానిదే. ఎంచేతంటే వెనక దీపం ఆరిపోతే తొక్కేవాడికి తెలియదు. తెలిసేది లారీవాడికే, అదీ ఆలస్యంగా. ఒంటికి మెరిసే జాకెట్టు, చీలమండలకి మెరిసే పట్టీలు. కాళ్ళు పైకీ కిందికీ ఆడుతుంటే ఆ మెరుపు చూసి అది మనిషేనని దూరంనుంచే పోలుస్తారు.

అంతా కలిపి దగ్గర దగ్గర 80 వేలయింది. ఇంత పెట్టనిదే 200 తొక్కలేరని ఎవరయినా అంటే నమ్మకండి. ఇంట్లో వున్న సైకిలు ఒంటికి సరిపోయినదైతే దానితోనే మొదలుపెట్టండి. డబ్బు పెట్టవలసి వస్తే ముందు దీపాలకీ, తరువాత టైర్లకీ, సీటుకీ పెట్టండి. కొత్తది కొంటే 30, 60, 100 చొప్పున పెంచుకుంటూ పోయి, స్పోకులూ మరలూ ఒకసారి బిగింపించాక 200కి దిగండి. కొనేముందు పూటసేపు తొక్కి చూస్తానని అడగండి. నేను నా పాత సైకిలు తాకట్టుగా వదిలి 50 కిలోమీటర్లు తొక్కి వచ్చాను. మొదట "కుదరదండీ" అన్న యజమాని, నా జుట్టు నెరుపు చూసి పారిపోయే మనిషి కాదనుకున్నాడు కాబోలు, ఒప్పుకున్నాడు. ఒప్పుకోకపోతే మరో కొట్టు వుండనే వుంది.

మొన్న ఆదివారం దానిమీద మొదటి 200 తొక్కాను. 12 గంటల 50 నిమిషాలు పట్టింది. కాళ్ళు నొప్పులు పుట్టాయి. పుట్టకపోతే అవి కాళ్ళే కావు. గేటు దగ్గర మా ఆవిడ, మేనల్లుడు నిలబడి వున్నారు. వీధి మలుపులోనే దీపం కనిపించిందట. లోపలికి వచ్చి చొక్కా బొత్తాలు నా వేళ్ళతో నేనే విప్పుకుంటుంటే మేనల్లుడు సైకిలుకేసి కాక నా చేతులకేసే చూశాడు. మర్నాడు ఉదయం ఆఫీసుకి పోయేముందు కొలత టేపు అడిగి పట్టుకుపోయాడు.