సెన్సరుతో పాటు అమరికకూ సిఫారసు కావాలి

బిందు సేద్యపు తోటలలో నేల తేమ సెన్సర్లు, వాటి సూచనలను బట్టి మోటారును నడిపే నియంత్రణ పెట్టెలు క్రమంగా రైతుల చేతికి వస్తున్నాయి. ప్రయోగశాలలో నిక్కచ్చిగా పనిచేసిన సెన్సరు, పొలంలో మోటారు నడిచే వేళ పొంతన లేని తేమ శాతాన్ని చూపితే రైతు దానిని పక్కన పెడతాడు. సెన్సరులో ఏ లోపమూ లేకున్నా, అమర్చిన తీరు వల్ల ఇలా జరగవచ్చు.

సౌర పంపుసెట్టు నియంత్రిక ఏకముఖ విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతూ మోటారుకు అందిస్తుంది. ఈ క్రియలో రేడియో అలజడి పుడుతుంది. స్టార్టరు కాంటాక్టులు విడిపోయే క్షణంలోనూ, అడవి పందుల కోసం కట్టిన విద్యుత్ కంచె స్పందనల వల్లనూ ఇదే జరుగుతుంది. సెన్సరు తీగ ఆ అలజడికి ఏరియల్ అవుతుంది. 100 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 3 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 75 సెంటీమీటర్ల తీగ చాలు, దానిని బాగా గ్రహించడానికి. పొలంలో లాగే తీగలు అంతకంటే ఎన్నో రెట్లు పొడవైనవి.

నివారణ కష్టమైనది కాదు. సెన్సరు తీగను మోటారు తీగతో ఒకే గొట్టంలో వేయరాదు. దాటవలసి వస్తే అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. మెలివేసిన జంట తీగపై లోహపు అల్లిక ఉన్న కేబుల్ వాడి, ఆ అల్లికను సాధారణంగా నియంత్రణ పెట్టె వైపు మాత్రమే ఎర్తింగుకు కలపాలి. పెట్టెలోకి ప్రవేశించే చోట తీగకు ఫెరైట్ కడియం తొడగాలి. దూరం ఎక్కువైతే వోల్టేజీ సంకేతం కన్నా 4–20 మిల్లీ ఆంపియర్ల సంకేతమిచ్చే సెన్సరు మేలు. లోహపు పెట్టె రక్షణనిస్తుంది గానీ, సమాచారం పంపే ఏరియల్‌ను అందులోనే బిగిస్తే ఆ సంకేతమూ బయటకు రాదు.

మామూలు తీగ కన్నా ఈ కేబుల్ ధర ఎక్కువన్నది నిజమే. అయితే తప్పుడు సూచనతో మోటారు అకారణంగా నడిస్తే నీరు, విద్యుత్తు వృథా అవుతాయి. ఆగిపోతే పైరు బెట్టకు గురవుతుంది. అంతకు మించి, విస్తరణ సిబ్బంది మాటపై రైతుకున్న నమ్మకం సడలుతుంది.

కనుక సెన్సరును సిఫారసు చేసేటప్పుడు దాని అమరికనూ సిఫారసులో భాగం చేయాలి. ప్రతి ప్రదర్శనా క్షేత్రంలో మోటారు ఆపి ఒకసారి, వెంటనే నడిపి మరొకసారి రీడింగు తీసి రెండూ నమోదు చేయాలి. కొద్ది నిమిషాలలో వేరు లోతున తేమ అంతగా మారదు. రీడింగు ఒక్కసారిగా మారితే అది నేల చెప్పిన మాట కాదు, తీగ తెచ్చిన అలజడి. పరిశోధక విద్యార్థులు సైతం ఈ పరీక్ష చేయకుండా పొలం నుంచి వచ్చిన అంకెలను విశ్లేషణకు తీసుకోరాదు.