నడినెత్తిన సూర్యుడు

విజయవాడ ఎండలకు పేరుపొందిన ఊరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట ఈ నగరంలోనే ప్రారంభమైంది. దాని తొలి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు బెజవాడను 'బ్లేజ్‌వాడ' అని చమత్కరించారని నేటికీ చెప్పుకుంటారు. చుట్టూ ఉన్న రాతికొండలు పగలంతా వేడిని తాగి, రాత్రి దానిని విడిచిపెడుతుంటాయి. వేసవి ముదిరేసరికి కాలువల్లో నీరు కూడా అడుగంటుతుంది. ఇక్కడి వారికి ఎండ కొత్త కాదు. కొత్త కాకపోవడం వల్లనే దానిని గురించి మనం ఆలోచించవలసినంతగా ఆలోచించడం లేదని నా అభిప్రాయం.

మనకు బాగా తెలిసిన ఎండదెబ్బ ఒక్కటే, అది వడదెబ్బ. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు వేల మందికి పైగా వడగాలులకు బలి అయ్యారు. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి మృతుల సంఖ్య వేయి దాటింది. కనుక వడదెబ్బను గురించి ప్రభుత్వం హెచ్చరించడం, చలివేంద్రాలు వెలవడం, మజ్జిగ పంచడం ఎంతో అవసరమైన పనులే. అయితే ఎండ చేసే హాని అంతటితో ముగియదు. చర్మానికి తగిలే దెబ్బ వేరే ఉన్నది. దానికి మన భాషలో స్థిరపడిన పేరైనా లేదు. 'ముఖం కందిపోయింది' అంటాం, 'కమిలింది' అంటాం, 'మాడిపోయావేమిటి' అని పలకరిస్తాం. ఈ మాటలన్నీ రంగు మారడాన్నే చెబుతున్నాయి గాని గాయాన్ని చెప్పడం లేదు.

వడదెబ్బకు కారణం వేడి. చర్మం కాలడానికి కారణం అతినీలలోహిత కిరణాలు. ఇవి కంటికి కనిపించవు, ఒంటికి వెచ్చగా తగలవు. చర్మకణాలలోని జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తాయి. దాని ఫలితం వెంటనే తెలియదు; కొన్ని గంటలు గడిచాక మంట మొదలై, మరునాటికి ముదిరి, కొద్దిరోజులలో పొట్టు లేస్తుంది. తెల్లని చర్మం మీద అది ఎర్రగా కనిపిస్తుంది. మన చామనచాయ మీద, నలుపు మీద ఎరుపు పైకి తేలదు. మంట, దురద, బిగుతు మాత్రం ఉంటాయి. అందువల్ల 'నల్లవాళ్ళకు ఎండ ఏమీ చేయదు' అనే అపోహ బలపడింది. చర్మంలోని మెలనిన్ అనే వర్ణకం కొంత రక్షణ ఇస్తుంది. చర్మ క్యాన్సర్ మనలో తెల్లవారిలో కన్నా తక్కువ అన్నదీ నిజమే. కాని మంగుమచ్చలు ముదరడం, చర్మం త్వరగా ముడతలు పడడం, కంటిలో శుక్లాలు, నల్లగుడ్డు మీదికి కండ పెరగడం వంటి వాటిలో ఎండకు పాత్ర ఉన్నది. బొల్లి మచ్చలు ఉన్నవారికి, పుట్టుకతో మెలనిన్ లేనివారికి మామూలు ఎండ కూడా పెద్ద ప్రమాదమే.

వేడి వేరు, ఈ కిరణాలు వేరు అని గ్రహిస్తే మన అలవాట్లలోని పొరపాట్లు కనిపిస్తాయి. గాలిలో వేడి మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు తారస్థాయికి చేరుతుంది. అతినీలలోహిత కిరణాలు మాత్రం సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే ఎక్కువ. అంటే విజయవాడలో పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు. మార్చి నడిమి నుంచి మన బడులు ఒంటిపూట నడుస్తాయి. సాధారణంగా ఉదయం 7:45కు మొదలై 12:30కు విడిచిపెడతారు. వడగాడ్పు నుంచి పిల్లలను కాపాడడానికి ఇది చక్కని ఏర్పాటు. కాని చర్మం సంగతి చూస్తే, పిల్లలను సరిగ్గా నిప్పులు చెరిగే వేళకు రోడ్డు మీదికి పంపుతున్నాం. బడి వేళలు మార్చమని నేను అనను. ఏకరూప దుస్తులతోపాటు అంచు వెడల్పు టోపీనో, చిన్న గొడుగునో ఎందుకు చేర్చకూడదని అడుగుతున్నాను. బెల్టుకూ, టైకీ నియమం ఉన్న చోట టోపీకి నియమం పెట్టడం కష్టమా?

మరొక పొరపాటు కాలానికి సంబంధించినది. విజయవాడ దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందువల్ల ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వస్తాడు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారం ముగిసే నాటికి మరొకసారి. ఆ రోజుల్లో నడిమధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ పడదు. విద్యార్థులు ఎవరైనా మేడమీద పరీక్షించి చూడవచ్చు. మే నెల సంగతి అందరికీ తెలుసు. ఆగస్టును మాత్రం ఎవరూ ఎండకాలంగా లెక్కించరు. వానలు పడుతుంటాయి, గాలి చల్లగా ఉంటుంది. పలుచని మబ్బు ఈ కిరణాలను అంతగా ఆపలేదన్న సంగతి మరచిపోతాం.

సరిగ్గా ఆ రోజుల్లోనే డెల్టాలో వరినాట్లు జోరుగా సాగుతుంటాయి. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలలో స్త్రీలు బారులు తీరి, నడుములు వంచి, పొద్దుటి నుంచి పొలంలోనే ఉంటారు. వంగినప్పుడు మెడ వెనుకభాగం, చేతులు పూర్తిగా ఎండకు అప్పగించినట్లే. చీర మీద మగవారి నిండుచేతుల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు చుట్టుకొనే అలవాటు ఆ కూలీ స్త్రీలలో ఉన్నది. ఏ వైద్యుడూ చెప్పకుండా, ఏ ప్రకటనా చూడకుండా వారు కనుగొన్న ఈ కవచం నిజంగా మెచ్చుకోదగినది. నేత చిక్కగా ఉన్న ముదురురంగు బట్ట, పలుచని తెల్లబట్ట కన్నా కిరణాలను బాగా ఆపుతుంది. పలుచని నూలు బట్ట తడిస్తే దాని రక్షణ ఇంకా తగ్గిపోతుంది. నాట్లలో తడవని బట్ట ఉండదు కదా!

ఇక క్రీముల విషయం. బందరు రోడ్డులో ఏ మందుల దుకాణానికి వెళ్ళినా సన్‌స్క్రీన్‌లు వరుసగా కనిపిస్తాయి. వాటి మీద ఉండే ఎస్.పి.ఎఫ్. అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. 30 అంకె ఉన్న క్రీము చర్మాన్ని కాల్చే కిరణాలలో ముప్పయ్యో వంతును, 50 అంకె ఉన్నది యాభయ్యో వంతును లోపలికి రానిస్తుంది. అంటే మొదటిది సుమారు నూటికి 97 పాళ్ళు, రెండవది 98 పాళ్ళు ఆపుతుంది. ధరలోని తేడా మాత్రం ఇంత స్వల్పం కాదు! పైగా ఈ అంకె చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున పూసినప్పుడే నిజం. మనం పూసేది అందులో సగం కూడా ఉండదు. బయటికి వెళ్ళడానికి పదిహేను, ఇరవై నిమిషాల ముందు పూయాలి. చెమటపట్టే మన వాతావరణంలో రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి.

ఈ లెక్కను కొంచెం ముందుకు తీసుకువెళదాం. పెద్దవారి శరీరమంతటికీ ఒక్కసారి పూయడానికి సుమారు 30 మిల్లీలీటర్ల క్రీము కావాలి. నిండుగా బట్టలు కట్టుకొని ముఖం, మెడ, చేతులకే పూసుకున్నా 50 మిల్లీలీటర్ల గొట్టం పొలంలో పనిచేసేవారికి కొద్దిరోజుల్లో అయిపోతుంది. రోజుకూలీ మీద బతికేవారికి 'సన్‌స్క్రీన్ వాడండి' అని సలహా ఇవ్వడం పరిహాసమే అవుతుంది. ద్విచక్రవాహనం మీద కళాశాలకు వెళ్ళే విద్యార్థి ముఖానికి పూసుకుంటే మంచిదే. బస్సు కిటికీ అద్దం కొన్ని రకాల కిరణాలను ఆపలేదు కనుక డ్రైవర్లకూ అది ఉపయోగమే. ఎండలో చెమటోడ్చేవారికి మాత్రం బట్ట, నీడ, పనివేళలే ప్రధాన రక్షణ.

క్రీములను గురించి మాట్లాడేటప్పుడు రంగు ప్రసక్తి రాకతప్పదు. 'ఎండలోకి వెళ్ళకే, నల్లబడతావు' అని ఆడపిల్లను వారించే ఇళ్ళలో కొడుకును అలా వారించడం అరుదు. పెళ్ళిచూపుల భయమే ఈ మాట వెనుక ఉన్నది. 1975లో మన దేశపు మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో 'గ్లో అండ్ లవ్లీ'గా పేరు మార్చుకున్నది. పేరు మారినంత సులువుగా మనసులు మారలేదు. దీనివల్ల రెండు వైపులా నష్టం జరుగుతున్నది. తెల్లబడాలనే ఆశతో వైద్యుని సలహా లేకుండా స్టెరాయిడ్ కలిసిన పూతమందులు వాడి ముఖం పాడుచేసుకునేవారు ఒకవైపు. ఎండ నుంచి కాపాడుకోవడం ఆడవాళ్ళ సింగారమని భావించి గొడుగు పట్టడానికే సిగ్గుపడే మగవారు మరొకవైపు. వాన పడితే తెరిచే గొడుగును ఎండలో ముడిచి చంకలో పెట్టుకోవడంలో ఏ పౌరుషం ఉన్నదో నాకు అర్థం కాదు.

బెంజి సర్కిల్ దగ్గర కళ్ళు మాత్రమే కనిపించేటట్లు ముఖానికి చున్నీ చుట్టుకొని, మోచేతుల దాకా తొడుగులు వేసుకొని స్కూటర్లు నడిపే అమ్మాయిలను చూసి కొందరు 'బందిపోట్లు' అని నవ్వుతుంటారు. నా దృష్టిలో ఆ కూడలిలో తెలివిగా ప్రవర్తిస్తున్నది వారే. అదే కూడలిలో గంటల తరబడి నిలబడే ట్రాఫిక్ పోలీసుకు, పండ్లబండి దగ్గర నిలుచున్న వ్యాపారికి ఆ వెసులుబాటు కూడా లేదు.

వీరికి కావలసినది నీడ. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పనిచేసే చోట తాగునీరు, నీడ ఉండాలని రాసుకున్నారు. నగరాలలో కూలిపనులకూ, వీధి వ్యాపారాలకూ అలాంటి నియమం ఆచరణలోకి రావాలి. బస్టాపు కడితే ప్రకటనల బోర్డు ఎటు కనిపిస్తుందని కాక, పన్నెండు గంటలకు నీడ ఎటు పడుతుందని చూసి కట్టాలి. ఏలూరు, బందరు, రైవస్ కాలువల గట్ల మీద ఉన్న చెట్లను కొట్టేముందు వాటి కింద ఎందరు నిలబడుతున్నారో లెక్కవేయాలి. నాట్ల కూలీలు తెల్లవారుజామున పొలంలో దిగి పదకొండు గంటలకు గట్టెక్కి, ఎండ వాలాక మిగిలిన పని ముగించుకొనేటట్లు రైతులు ఒప్పుకోవాలి. వారి కూలిలో మాత్రం ఒక్క రూపాయి కూడా కోత పెట్టకూడదు.