సిపాయి మనవాడే, ప్రశ్నా మనదే

మొన్న ఆగస్టు పదిహేనున మాకు తెలిసిన ఒక ఊళ్లో జెండా పండగ జరిగింది. బడి ఆవరణలో కుర్చీలు వేశారు. మాలపల్లె నుంచి ఒక రిటైర్డు హవల్దారును పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు, దండ వేశారు. 'మన ఊరి వీరుడు' అని మైకులో పొగిడారు. ఇదే ఊరి టీకొట్టులో చిన్నప్పుడు తనకు వేరే గ్లాసు పెట్టిన సంగతి ఆ పూటకు ఆ పెద్దాయన మర్చిపోయాడు.

రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన లేచి, 1987లో తన పటాలాన్ని శ్రీలంక పంపిన సంగతి చెప్పాడు. పక్కన నడిచే కుర్రాడు మందుపాతర మీద కాలేసి ముక్కలైన సంగతి చెప్పాడు. చివర్లో, "మమ్మల్ని అక్కడికి ఎందుకు పంపారో, ఎందుకు తిరిగి పిలిపించారో నాకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. ఇకముందు మన పిల్లల్ని పంపేటప్పుడైనా బాగా ఆలోచించి పంపండయ్యా" అన్నాడు. అంతే, మైకు లాగేసుకున్నారు. సభలో 'సార్' అన్న కుర్రాళ్లే బయటికొచ్చాక "ఏందిరా, దేశం తిండి తిని దేశాన్నే తప్పుబడతావా" అన్నారు. తుపాకి మోసినోడు దేశద్రోహి అయ్యాడు. తుపాకి ఎట్లా ఉంటదో సినిమాలో తప్ప చూడనోళ్లు దేశభక్తులయ్యారు.

ఆ రాత్రి మేము ఆయన ఇంటికి వెళ్లాం. "నేనేం తప్పు మాట్లాడాను మేష్టారూ?" అని అడిగాడు. ఆయనకు చెప్పిన జవాబే ఈ సంచికలో మీ అందరికీ చెబుతున్నాం. ఆయన తప్పేం మాట్లాడలేదు. సిపాయిని గౌరవించడం ఒకటి, సిపాయిని పంపిన సర్కారుకు తలూపడం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి ఒకే మూట కట్టి మన నెత్తిన పెడుతున్నారు. ఆ మూట విప్పి చూసుకోవాలి.

ముందు మన బాబాసాహెబ్ నుంచే మొదలుపెడదాం. అంబేద్కర్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో, 1891లో. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. మహర్లు తరాలుగా పటాలాల్లో పనిచేశారు. అయినా 1890ల మొదట్లో తెల్ల సర్కారు వాళ్ల భర్తీ ఆపేసింది. పోరాడే జాతులు, పోరాడని జాతులు అని గీత గీసి మనల్ని గీతకు అవతల నిలబెట్టింది. 1941లో అంబేద్కర్ వైస్రాయి రక్షణ సలహా సంఘంలో సభ్యుడయ్యాడు. మహర్లకు సైన్యం తలుపులు తెరవాలని పట్టుబట్టాడు. ఆ ఏడే మహర్ రెజిమెంటు ఏర్పడింది. మన పిల్లల ఒంటి మీద ఆ యూనిఫాం ఎంత విలువైందో ఆయన కంటే ఎక్కువ తెలిసినవాడు లేడు.

అదే అంబేద్కర్ పదేళ్లకు, 1951లో నెహ్రూ మంత్రివర్గం నుంచి రాజీనామా చేశాడు. కారణం హిందూ కోడ్ బిల్లు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ఆయన ప్రకటన చదివితే ఇంకా ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలను పట్టించుకోలేదన్నది ఒకటి. విదేశాంగ విధానం ఇంకొకటి. ఏడాదికి 350 కోట్ల ఆదాయంలో 180 కోట్లు సైన్యానికే పోతోందనీ, మనకు స్నేహితులు లేకుండా చేసుకున్న విధానం వల్లే ఇంత భారమనీ లెక్క కట్టి చూపించాడు. కాశ్మీరు మీద సర్కారు పట్టిన దారిని కూడా తప్పుబట్టాడు. సైన్యంలో మనకు చోటు కావాలని కొట్లాడిన మనిషే, సైన్యం మీద పెట్టే ఖర్చుకు జవాబు చెప్పమన్నాడు. ఆయన్ను కూడా దేశద్రోహి అంటారా? అనేవాళ్లు ముందుకు రండి.

ఇక హవల్దారు తాత అడిగిన ప్రశ్నకు వద్దాం. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే సంతకాలు పెట్టారు. శాంతి కాపాడటానికని మన సైన్యాన్ని పంపారు. ఏ తమిళ మిలిటెంట్లకు మన దేశంలోనే శిక్షణ ఇచ్చారో, ఆయుధాలిచ్చారో, ఆ టైగర్లతోనే అక్టోబరు నాటికి మన సైన్యం యుద్ధంలోకి దిగింది. అక్టోబరు 12 తెల్లవారుజామున జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో హెలికాప్టర్ల నుంచి దించిన వాళ్లలో సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మంది ఉన్నారు. అవతలివాళ్లు ముందే కాచుకొని కూర్చున్నారు. 29 మంది అక్కడే చనిపోయారు. ఒక్కడు పట్టుబడ్డాడు. సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ అంటే ఎవరనుకున్నారు? మజ్హబీ, రాందాసియా సిక్కులు, అంటే పంజాబు మాలమాదిగలు. నవంబరు 25న మహర్ రెజిమెంటు మేజరు రామస్వామి పరమేశ్వరన్ పోరాడుతూ చనిపోయాడు. ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. మొత్తం మీద దాదాపు 1200 మంది మన జవాన్లు ఆ నేలలో కలిసిపోయారు.

ఇంకో నిజం కూడా దాచకూడదు. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు డాక్టర్లు, నర్సులు, రోగులు చనిపోయారు. మేము సిపాయి పక్షం అంటే ఆ పనిని సమర్థిస్తున్నామని కాదు. కాపాడటానికి అని పంపిన వాళ్లను, కాపాడాల్సిన జనం మీదికే తుపాకి ఎత్తే చోటికి నెట్టింది ఢిల్లీ నిర్ణయం. చంపినవాడు తన తప్పుకు జవాబు చెప్పాలి. పంపినవాడు మాత్రం జవాబు చెప్పకుండా ఎట్లా తప్పించుకుంటాడు?

1990 మార్చిలో చివరి జవాన్లు ఓడల్లో మద్రాసు వచ్చారు. ముఖ్యమంత్రి కరుణానిధి వాళ్లకు స్వాగతం చెప్పడానికి వెళ్లలేదు. సాటి తమిళుల మీద యుద్ధం చేసిన సైన్యమని ఆయన కోపం. ఆ కోపంలో న్యాయం ఉండొచ్చు. కానీ అది తగలాల్సింది ఢిల్లీ కుర్చీకి, తగిలింది ఓడ దిగిన జవానుకి. ఇది ఒక తప్పు. రెండో తప్పు దీనికి తిరగేసినది. జవాను శవాన్ని అడ్డం పెట్టుకొని కుర్చీ తప్పించుకోవడం. 'జవాన్లు చనిపోతుంటే ప్రశ్నలేంటి' అనేది ఈ రెండో తప్పుకు మాట. మొదటిది సిపాయిని అవమానిస్తుంది. రెండోది సిపాయిని డాలుగా వాడుకుంటుంది. మనకు రెండూ వద్దు.

యుద్ధం జరగకపోయినా జవాన్లు చస్తారని మీకు తెలుసా? 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగాక, వాజపేయి సర్కారు లక్షల మంది సైనికుల్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించింది. దానికి ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు పెట్టారు. పది నెలలు ఎండలో, చలిలో నిలబెట్టారు. రైతుల పొలాల్లో మందుపాతరలు పాతించారు. 2002 అక్టోబరులో వెనక్కి రమ్మన్నారు. యుద్ధం జరగలేదు. అయినా 798 మంది సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారని తర్వాత ఏడు సర్కారే పార్లమెంటులో చెప్పింది. పాతరలు పాతుతూ కొందరు, ప్రమాదాల్లో కొందరు పోయారు. కార్గిల్ యుద్ధంలో పోయినవాళ్లు 527 మంది. యుద్ధంలో పోయినవాళ్లకు ఏటా జూలైలో దండలు పడతాయి. యుద్ధం లేకుండా పోయిన ఈ 798 మంది గురించి మీ ఊళ్లో ఒక్క సభ అయినా జరిగిందా? ఆ సంఖ్య వినలేదంటే, అడిగేవాళ్లు లేకపోవడం వల్లే వినలేదు.

"యుద్ధం నడుస్తుంటే అడిగితే జవాన్ల గుండె ధైర్యం చెదురుతుంది గదా" అని మంచి మనసుతోనే అడిగేవాళ్లు మనలో ఉన్నారు. వాళ్లకు ఒక సంగతి గుర్తు చేస్తాం. 1962లో చైనా సైన్యం మన మీదికి వచ్చినప్పుడు, చలికి చాలని బట్టలతో, పాత రైఫిళ్లతో మన జవాన్లను కొండలెక్కించారు. ప్రతిపక్షాలు పార్లమెంటును వెంటనే పిలవమన్నాయి. అడిగినవాళ్లలో కుర్ర ఎంపీ వాజపేయి ఉన్నాడు. నెహ్రూ పిలిచాడు. నవంబరు 8న, యుద్ధం ఇంకా ముగియక ముందే, సభ కూర్చుంది. నెహ్రూ అన్నీ పడ్డాడు. రక్షణ మంత్రి కృష్ణమీనన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. దేశం ఏమీ ముక్కలు కాలేదు. ఆ ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్ నివేదిక 1963లోనే తయారైనా, ఏ పార్టీ సర్కారూ దాన్ని అధికారికంగా జనం ముందు పెట్టలేదు.

మరి 2025లో ఏం జరిగింది? ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కిరాతకంగా చంపారు. ఆ హంతకుల్ని ఎవరూ క్షమించరు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం దాడులు చేసింది. పదో తేదీకి కాల్పులు ఆగాయి. ఆగిన సంగతి మనకంటే ముందు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ చాటింపు వేశాడు. ప్రత్యేక సమావేశం పెట్టమని ప్రతిపక్షాలు అడిగాయి. పెట్టలేదు. జూలై చివర్లో మామూలు సమావేశాల్లో చర్చ జరిగింది. 1962లో యుద్ధం మధ్యలో దొరికిన చర్చ, 2025లో యుద్ధం ఆగిన రెండున్నర నెలలకు గానీ దొరకలేదు. సైన్యం ఎటు కదులుతుందో చెప్పమని ఎవరూ అడగరు. పర్యాటకులున్న చోట కాపలా ఎందుకు లేదు, నిఘా ఎక్కడ పడుకుంది, ఈ యుద్ధంతో ఏం సాధించాలనుకున్నారు అనే అడుగుతున్నాం.

సిపాయి మీద ప్రేమ ఉంటే ఎక్కడ కనపడాలి? 2022 జూన్‌లో అగ్నిపథ్ తెచ్చారు. నాలుగేళ్లు పనిచెయ్యాలి, ఆ తర్వాత నూటికి ఇరవై అయిదు మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లకు పింఛను లేదు. ఈ పథకం ఆఫీసర్లకు కాదు, జవాన్లకే. జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్లో కుర్రాళ్లు తిరగబడితే పోలీసు కాల్పుల్లో ఒక పేదింటి బిడ్డ ప్రాణం పోయింది. సైన్యంలో చేరతానని అడిగినోడికి తూటా దొరికింది. తెల్లవారుజామున ఊరి చెరువు గట్టు మీద పరుగెత్తే కుర్రాళ్లు ఎవరి బిడ్డలో మీరే చూడండి. కూలోళ్ల బిడ్డలు, సన్నకారు రైతుల బిడ్డలు. టీవీలో యుద్ధం కావాలని అరిచేవాళ్ల బిడ్డలు ఆ గట్టు మీద కనపడరు.

2016 జూన్‌లో కాశ్మీరులోని పాంపోర్ దగ్గర దాడిలో చనిపోయిన ఒక కేంద్ర బలగాల జవాను శవం ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరికి వచ్చింది. కింది కులం వాడని, ఉమ్మడి నేలలో దహనం చెయ్యడానికి పెద్ద కులాల వాళ్లు అడ్డం పడ్డారు. అధికారులు వచ్చి బతిమాలాక గానీ స్థలం దొరకలేదు. హవల్దారు తాతకు సర్కారు మాజీ సైనికుడని డి పట్టా ఇచ్చింది. కాగితం ఆయన ట్రంకుపెట్టెలో ఉంది, భూమి ఇంకొకరి నాగలి కింద ఉంది. శాలువా కప్పిన చేతులే ఆ భూమి దున్నుతున్నాయి. దేశం కోసం చచ్చేందుకు మనం పనికొస్తాం. ఊరి నేలలో బతికేందుకు, కాలేందుకు పనికిరామా?

అందుకే అన్నలారా, అక్కలారా, ఈ పక్షం ఒక పని చెయ్యండి. మీ వాడలో సైన్యంలో, కేంద్ర బలగాల్లో పనిచేసినవాళ్ల, పనిచేస్తున్నవాళ్ల పేర్లు రాయండి. ఎవరికి పింఛను అందుతోంది, ఎవరికి లేదు, ఎవరి డి పట్టా భూమి ఎవరి చేతిలో ఉంది, వితంతువులకు ఏం అందింది, అన్నీ రాయండి. ఆ కాగితం గ్రామసభలో చదవండి, తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. 'దేశద్రోహులు' అని ఎవరన్నా నోరెత్తితే ఆ పేర్లు వినిపించి, మీ ఇంటి నుంచి ఎంతమంది వెళ్లారని అడగండి. గొడవకు దిగకండి. లెక్క అడగండి, చాలు.

హవల్దారు తాతను వచ్చే జనవరి 26న మన వాడలోనే జెండా ఎగరెయ్యమని అడిగాం. ఒప్పుకున్నాడు. ఆ రోజు మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. ఆయన అడగదలుచుకున్నది మొత్తం అడిగేదాకా ఎవరూ లాక్కోరు.

జై భీమ్!