ముట్టుకోవద్దంటే చాలదు

సెలవులకు ఇంటికి పోతే అమ్మానాన్నలు తెల్లవారకముందే గూడూరు చుట్టుపక్కల నిమ్మతోటల్లో కూలికి వెళ్తారు. “కరెంటు జోలికి పోవద్దురా” అంటుంది అమ్మ. మరి చెల్లెలికి నీళ్లు కాచేదెవరు? అందుకే వద్దనడం కన్నా నేర్పడం మేలని నా అభిప్రాయం.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. రాడ్డును ప్లాస్టిక్ బకెట్ నీళ్లలో పెట్టాకే స్విచ్ వేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లు ముట్టాలి. తడి చేతులు, ఉత్తి కాళ్లు పనికిరావు. ఎవరికైనా షాక్ కొడితే చేత్తో లాగకూడదు, ముందు మెయిన్ ఆపాలి.

పదో తరగతి అన్నలారా! చిన్న తమ్ముళ్లకు బట్టలు మడిచే పనే ఇవ్వండి. కాస్త పెద్దవాళ్లకు పక్కన నిలబడి ఇవన్నీ చేసి చూపండి. మనం ఈరోజు నేర్పింది రేపు వాళ్లింట్లో ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.